తాళం తీయడం వచ్చినవాడు దొంగేనా?



సంచికకు వ్యాసం రాయమని తమ్ముళ్లు ఫోను చేసినప్పుడు దేని గురించి రాయమంటారని అడిగాను. "మీ ఇష్టం అన్నా, క్రమశిక్షణ మీదో, లక్ష్యసాధన మీదో రాస్తే బాగుంటది" అన్నారు. ఆ రెండింటి మీద రాయగల పెద్దలు ఈ సంచికలో చాలామందే ఉంటారు. నేను ఐటీఐలో ఫిట్టర్ చదివి, హైదరాబాదులో ఒక వర్క్‌షాపులో ఇరవై ఏళ్లకు పైగా ఇనుము అరగదీసుకుంటూ బతుకుతున్నవాడిని. అందుకే నాకు తెలిసిన వస్తువు గురించే రాస్తాను. అది మీ అందరి దగ్గరా ఉంది. గోడ పక్కన వరుసగా పేర్చిన ట్రంకుపెట్టెలకు వేలాడుతూ ఉంటుంది. తాళం.

ముందు నా కథ చెప్పాలి. మరిపెడకు రాకముందు నేను వేరే ఊరి హాస్టల్లో ఎనిమిదో తరగతి చదివాను. అది 1998. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. హాస్టల్లో పిల్లవాడి సొంత ఆస్తి అంటే ఒక్క రేకుపెట్టె. అందులో రెండు జతల బట్టలు, సబ్బు, కొబ్బరినూనె సీసా, అమ్మ కట్టిచ్చిన పచ్చడి, నోటుబుక్కుల మధ్య దాచుకున్న పది రూపాయల కాగితం. దాని తాళంచెవి మొలతాడుకో, మెడలో నల్లదారానికో కట్టుకుని తిరిగేవాళ్లం. ఏట్లో స్నానానికి పోయినప్పుడో, కబడ్డీ ఆడేటప్పుడో అది పోయేది. పోతే తాళం రాయితో పగలగొట్టడమే. తాళం పగిలిందంటే మళ్లీ కొనడానికి డబ్బులుండవు. పండుగకు ఇంటికి పోయేదాకా పెట్టె అలాగే ఉండేది.

ఒకరోజు నా పక్క పెట్టె తమ్ముడి చెవి పోయింది. సైకిల్ పుల్ల ఒకటి తీసుకుని, కొసను రాయి మీద కొట్టి చదును చేసి, కొంచెం వంచి, ఊరికే కదిపి చూశాను. ఎలా వచ్చిందో తెలియదు, తాళం వచ్చేసింది. ఆ రోజు నుంచి నేను హాస్టల్లో పెద్ద మొనగాణ్ణి. చెవి పోగొట్టుకున్నవాడల్లా నా దగ్గరికే వచ్చేవాడు. వార్డెన్ సారు కూడా ఒకసారి స్టోరు రూము తాళం ఇరుక్కుంటే నన్నే పిలిపించారు. ఆ రోజు నాకు రెండు గుడ్లు వడ్డించారు కూడా.

నాలుగు నెలల తర్వాత ఒక పిల్లవాడి పెట్టెలో 120 రూపాయలు పోయాయి. పెట్టెకు తాళం వేసినట్టే ఉంది. పగలలేదు, వంగలేదు. ఇక వేరే ఆలోచన ఎవరికీ రాలేదు. "తాళం పగలగొట్టకుండ తీసేటోడు ఈడ ఒక్కడే ఉన్నడు" అన్నారు. సాయంత్రం ప్రేయర్‌లో నన్ను ముందుకు పిలిచి నిలబెట్టారు. నా పెట్టె అందరి ముందూ బోర్లించారు. అందులో డబ్బులు లేవు. సైకిల్ పుల్ల మాత్రం ఉంది. సాక్ష్యానికి అదే చాలన్నారు.

మర్నాడు మా నాయనను పిలిపించారు. కూలి మానుకుని వచ్చాడు. భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకుని ఆఫీసు రూము గుమ్మం బయటే నిలబడ్డాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు. "నా కొడుకు దొంగ కాదు సారూ" అని మూడుసార్లు అన్నాడు. నాలుగోసారి అనలేదు. నన్ను చూసి, "నిజం చెప్పు బిడ్డా" అన్నాడు. ఆ మాట నాకు దెబ్బలకంటే ఎక్కువ తగిలింది.

అయిదో రోజు కామాటి ఆ గది ఊడుస్తూ పెట్టె జరిపితే వెనకవైపు మూత వేలాడింది. చూస్తే మడతబందు చీల ఒకటి ఊడదీసి ఉంది. రెండోది వదులుగా ఉంది. అంటే తీసినవాడు తాళాన్ని ముట్టుకోనే లేదు. వెనక నుంచి మూత ఎత్తి చెయ్యి పెట్టాడు. దానికి తాళం విద్య అక్కర్లేదు, ఒక మేకు ఉంటే చాలు. తీసిందెవరో తేలలేదు. ఎవరూ నాకు ఏమీ చెప్పలేదు, మా నాయనకు కబురూ పంపలేదు. ఆ ఏడాది పరీక్షలయ్యాక టీసీ తీసుకుని మరిపెడ వచ్చాను. ఇక్కడ పదో తరగతి దాకా నాకు తాళాలు తీయడం వచ్చని ఒక్కరికీ చెప్పలేదు. తమ్ముళ్ల చెవులు పోయి తాళాలు రాళ్లతో పగలగొడుతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఇదంతా ఇన్నేళ్ల తర్వాత ఎందుకు తవ్వుతున్నానంటే, పోయిన ఎండాకాలం ఊరికి పోయినప్పుడు ఒక సంగతి జరిగింది.

తాళాలు తీయడం కొన్ని దేశాల్లో ఒక సరదా విద్య. చదరంగం ఆడినట్టు, పొడుపుకథ విప్పినట్టు దాన్ని నేర్చుకునేవాళ్లు సంఘాలు పెట్టుకుని పోటీలు కూడా జరుపుకుంటారు. లోపలి భాగాలు కనబడేలా పారదర్శకంగా చేసిన తాళం, దానితోపాటు నాలుగైదు సన్నటి పనిముట్లు ఆన్‌లైన్లో దొరుకుతున్నాయి. నేనొకటి తెప్పించుకున్నాను. ఆ అద్దం తాళం సులభంగానే వచ్చింది. కానీ మా ఇంట్లో చెవి పోయిన పాత తాళానికి ఆ పుల్ల పట్టలేదు. పుల్ల మందం ఎక్కువ, తాళం సందు ఇరుకు. ఫిట్టర్ చేతిలో పనిముట్టు సరిపోకపోతే ఊరుకుంటాడా? వసారాలో కూర్చుని దాన్ని మార్చడం మొదలుపెట్టాను.

మొదట గ్రైండర్ చక్రం మీద పట్టాను. అరనిమిషంలో మొన నీలంగా మారింది. అప్పుడే తెలుసు, పని చెడిందని. ఉక్కు మూడు వందల డిగ్రీల దాకా కాగితే ఆ నీలి రంగు వస్తుంది. తయారీలో ఇచ్చిన గట్టిదనం అక్కడ తగ్గిపోతుంది. తాళంలో పెట్టి కదపగానే మొన మైనంలాగా వంగింది. కమ్మరి కొడవలికి నీరు పట్టించేటప్పుడు రంగు చూసి ఎందుకు ఆపుతాడో చిన్నప్పుడు కొలిమి దగ్గర కూర్చున్నవాళ్లకు తెలుసు. రెండో పుల్లను చక్రానికి చూపించలేదు. గట్టి ఉక్కు మీద ఆకురాయి జారిపోతుంది కాబట్టి నూరుడు రాయి తీసుకుని, నీళ్లు చల్లుకుంటూ, చేత్తోనే నెమ్మదిగా అరగదీశాను. రెండు సాయంత్రాలు పట్టింది. అంచులు గరుకుగా ఉంటే లోపల తట్టుకుంటాయి, తాళాన్నీ గీస్తాయి. అందుకని చివరికి సన్నటి ఎమెరీ కాగితంతో గుండ్రంగా నున్నగా చేశాను. పట్టు జారకుండా పిడికి పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టాను.

తాళం రావడానికి నలభై నిమిషాలు పట్టింది. టిక్కుమని తెరుచుకోగానే చిన్నపిల్లవాడిలా ఎగిరి గంతేశాను. తలెత్తి చూస్తే ఎదురుగా మా నాయన. ముసలివాడైపోయాడు. నా చేతిలో పుల్ల చూశాడు. "మళ్ల మొదలువెట్టినవా కొడుకా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, భయం ఉంది. సొంత ఇంట్లో, సొంత తాళాన్ని, సొంత డబ్బుతో కొన్న పనిముట్టుతో తీసిన నలభై ఏళ్లు దాటిన కొడుకును చూసి ఆ మనిషి ఇంకా ఆ ఆఫీసు గుమ్మం ముందే నిలబడి ఉన్నాడు. ఆ రాత్రే ఈ వ్యాసం రాయాలనుకున్నాను.

తాళం లోపల మాయ ఏమీ లేదు. మనం ఎక్కువగా చూసే తాళంలో ఒక చిన్న గుండ్రటి దిమ్మ ఉంటుంది. అది తిరిగితే తాళం వస్తుంది. తిరగకుండా పైనుంచి స్ప్రింగులతో నాలుగైదు పిన్నులు అడ్డం పడి ఉంటాయి. ప్రతి పిన్నూ రెండు ముక్కలు. చెవి పళ్లు ఒక్కో పిన్నును సరైన ఎత్తుకు లేపితే ముక్కల అతుకులన్నీ ఒకే గీత మీదికి వచ్చి దిమ్మ తిరుగుతుంది. చవక తాళంలో రంధ్రాలు ఖచ్చితంగా ఒకే వరుసలో ఉండవు. అందుకని దిమ్మను కొంచెం తిప్పి పట్టుకుంటే అన్ని పిన్నులూ ఒకేసారి బిగుసుకోవు, ఒకదాని తర్వాత ఒకటి బిగుసుకుంటాయి. పుల్లతో వాటిని ఒక్కొక్కటిగా లేపడమే ఈ విద్య. వెంట్రుకవాసి తేడాను వేలి కొసతో పట్టుకోవాలి. ఐటీఐలో మాకు ఆరు నెలలు ఆకురాయి పట్టించి నేర్పిందీ ఆ వెంట్రుకవాసినే. పురాతన ఈజిప్టులో ఇదే సూత్రంతో చెక్క తాళాలుండేవి. దాన్ని ఇప్పటి చిన్న తాళంగా మార్చి 1861లో పేటెంటు పొందినవాడు అమెరికాకు చెందిన లైనస్ యేల్. మన దేశంలో 1897లో అర్దేషిర్ గోద్రెజ్ బొంబాయిలో తాళాల తయారీతోనే తన వ్యాపారం నిలబెట్టుకున్నాడు. అలీగఢ్ పేరు చెబితే తాళాలే గుర్తొస్తాయి. తమిళనాడులోని దిండిగల్ తాళాలకు 2019లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అంటే ఇది వేలాది చేతుల పనితనం. ఆ పనితనం అర్థం చేసుకోవాలనుకునే పిల్లవాడిని మనం దొంగను చూసినట్టు చూస్తున్నాం.

పెద్దలు ఒక మాట అంటారు: "ఇవన్నీ పిల్లలకు చెప్పడమంటే దొంగ చేతికి తాళాలిచ్చినట్టే." ఈ మాటను కొట్టిపారేయను. పిల్లల డబ్బు, పిల్లల పుస్తకాలు కాపాడాల్సిన వార్డెన్ సారుకు ఆ భయం ఉండడం న్యాయమే. కానీ ఈ వాదన ఎప్పటిదో, దానికి జవాబూ ఎప్పుడో వచ్చింది. 1851లో లండన్లో పెద్ద ప్రపంచ ప్రదర్శన జరిగినప్పుడు ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తీయలేరని పేరున్న చబ్ కంపెనీ తాళాన్ని 25 నిమిషాల్లో తీశాడు. తీసినవాడికి రెండు వందల గినీలు ఇస్తామని దశాబ్దాలుగా దుకాణం కిటికీలో పెట్టిన బ్రామా తాళాన్ని 16 రోజుల మీద మొత్తం 51 గంటలు కూర్చుని తెరిచాడు. ఊరంతా గగ్గోలు. ఈ రహస్యాలు బయటపెడితే దొంగలు నేర్చుకోరా అన్నారు. రెండేళ్లకు హాబ్స్ సాయంతో వచ్చిన తాళాల పుస్తకం దానికి సూటిగా జవాబిచ్చింది. దొంగలకు ఇదంతా ముందే తెలుసు, తెలియనిది తాళం కొనుక్కునే మంచివాళ్లకే అన్నది దాని సారాంశం. తాళాలు చేసేవాళ్లు సిగ్గుపడ్డారు. ఆ తర్వాతే తాళాలు మెరుగుపడ్డాయి.

నా పెట్టె కథలోనూ అదే ఉంది. తీసినవాడికి మడతబందు బలహీనత తెలుసు. తెలియనిది మాకే. మా కళ్లన్నీ ముందున్న తాళం మీదే ఉన్నాయి.

అయితే విద్య ఉంటే సరిపోతుందా? సరిపోదు. తీయగలగడం వేరు, తీసే హక్కు వేరు. ఈ తేడాకు మన తెలంగాణలోనే మంచి ఉదాహరణ ఉంది. 2018 శాసనసభ ఎన్నికల్లో ధర్మపురి ఫలితం మీద హైకోర్టులో కేసు నడిచింది. 2023 ఏప్రిల్‌లో కోర్టు ఆదేశం మీద జగిత్యాల జిల్లాలోని స్ట్రాంగ్ రూము తెరవడానికి పోతే తాళంచెవులు కనిపించలేదు. అక్కడ కలెక్టరున్నారు, పోలీసులున్నారు, ఒక సుత్తి దెబ్బకు తాళం ఊడుతుంది. అయినా ఎవరూ కొట్టలేదు. విషయం మళ్లీ కోర్టుకు పోయి, అనుమతి వచ్చాకే అభ్యర్థుల తరఫువాళ్ల ఎదుట తాళాలు పగలగొట్టారు. జిల్లాకు అధికారి అయినవారికే అడగకుండా తాళం ముట్టుకునే హక్కు లేదు. ఇక మనమెంత?

చట్టం కూడా పుల్లను కాదు, బుద్ధిని చూస్తుంది. ఆస్తి ఉన్న మూసిన పెట్టెను దురుద్దేశంతో తెరిస్తే రెండేళ్ల దాకా జైలుశిక్ష పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది 461వ సెక్షన్. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 334వ సెక్షన్. పుల్లతో తీసినా, మేకుతో తీసినా, వట్టి చేత్తో తీసినా నేరమే. లోపల ఏమీ తీసుకోలేదు కదా అంటే కుదరదు. కాబట్టి తమ్ముళ్లారా, సరదాకు కూడా పక్కవాడి పెట్టె ముట్టుకోవద్దు. పెట్టె యజమాని అడగాలి, నలుగురి ఎదుట తీయాలి, తీశాక వెనక్కి జరగాలి, లోపలికి చూడకూడదు. ఎనిమిదో తరగతిలో నేను ఈ నియమం పాటించలేదు. గదిలో ఎవరూ లేనప్పుడు కూడా తాళాలు తీసిచ్చాను. నా తప్పు ఏదైనా ఉంటే అది అదే.

కానీ అనుమానించేవాళ్లకూ ఒక నియమం ఉండాలి కదా? రిచర్డ్ ఫైన్‌మన్ అనే భౌతిక శాస్త్రవేత్త రెండో ప్రపంచ యుద్ధకాలంలో అణుబాంబు ప్రయోగశాలలో పనిచేస్తూ, రహస్య పత్రాలు దాచిన బీరువాలు ఎంత సులభంగా తెరుచుకుంటాయో సరదాగా తీసి చూపించేవాడు. ఒక సైనికాధికారికి ఆ లోపం వివరించి, బీరువాలు తెరిచి పెట్టి పనిచేసుకోవద్దని సలహా చెప్పి వచ్చాడు. ఆ అధికారి ఏం చేశాడు? ఫైన్‌మన్ మీ గదికి వచ్చాడా, వచ్చి ఉంటే వెంటనే మీ బీరువా నంబరు మార్చుకోండని అందరికీ నోటీసు పంపాడు. తర్వాత ఆయన అక్కడికి పోతే, మా గదిలోకి రావద్దంటూ జనం కేకలేశారట. లోపం బీరువాలో ఉంటే భయం మనిషి మీద పెట్టుకున్నారు. ఆయన 1965లో నోబెల్ బహుమతి అందుకున్నాడు కాబట్టి ఈ కథ చెప్పుకుని నవ్వుకోగలిగాడు. హాస్టల్ పిల్లవాడికి ఆ నవ్వు దొరకదు.

ఎందుకు దొరకదో మనకు వేరే చెప్పాలా? 1871లో తెల్లదొరల ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చి, పుట్టుకతోనే కొన్ని కులాలను దొంగలని రాసిపెట్టింది. ఆ తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకల వంటి జాతులనూ దాని కిందికి తెచ్చారు. స్టూవర్టుపురం లాంటి సెటిల్మెంట్లలో మనుషులను పెట్టి హాజరు తీసుకున్నారు. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో గానీ ఆ చట్టం రద్దు కాలేదు. చట్టం పోయింది, చూపు పోయిందా? వస్తువు పోగానే ఏ వాడ పిల్లవాడి పెట్టె ముందు తెరుస్తారో మీరే గుర్తుచేసుకోండి. ఒక పెద్దింటి పిల్లవాడు సైకిల్ పుల్లతో తాళం తీస్తే ఇంజనీరు అవుతాడంటారు. అదే పని మన పిల్లవాడు చేస్తే నాయనను పిలిపిస్తారు. సాంఘిక సంక్షేమం అన్న బోర్డు కింద కూడా అదే చూపు చూస్తే ఇక పిల్లలు పోయేదెక్కడికి?

అందుకే మన హాస్టల్ తమ్ముళ్లకూ, పెద్దలకూ నాలుగు సూచనలు చేస్తున్నాను.

ఒకటి, ప్రతి తాళానికీ రెండు చెవులు వస్తాయి. రెండోది పేరు రాసిన కవరులో అతికించి ఆఫీసు బీరువాలో పెట్టాలి. తీసుకున్నప్పుడు రిజిస్టరులో సంతకం చేయాలి. అప్పుడు రాళ్లతో పనుండదు, పుల్లతోనూ పనుండదు.

రెండు, స్కూళ్లు తెరిచిన వారంలోనే పెట్టెలన్నీ వెనక్కి తిప్పి మడతబందులు చూడాలి. చీల ఊడివచ్చేలా ఉంటే కొసను సుత్తితో అణిచి రివెట్ చేస్తే చాలు. ఒక్కో పెట్టెకు అయిదు నిమిషాల పని. ఈసారి వార్షికోత్సవానికి వచ్చేటప్పుడు సుత్తి, రివెట్లు నేనే తెస్తాను.

మూడు, వస్తువు పోయినప్పుడు ముందు పెట్టెను చూడాలి, ఆ తర్వాతే మనుషులను చూడాలి. ప్రేయర్‌లో నిలబెట్టి ఎవరి పెట్టె కూడా బోర్లించకూడదు. అనుమానం తప్పని తేలితే, అనుమానించిన చోటే, అంతమంది ముందే ఆ మాట చెప్పాలి. తల్లిదండ్రులను పిలిపించి ఉంటే వాళ్లకూ కబురు పంపాలి. పెద్దవాళ్లు పిల్లలకు క్షమాపణ చెబితే క్రమశిక్షణ పోదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నేను ఎదురుచూస్తున్నది ఆ ఒక్క మాట కోసమే.

నాలుగు, చేతి పని వచ్చిన పిల్లవాడిని దాక్కోనివ్వకండి. ఫ్యాను ఎందుకు తిరగడం లేదో విప్పి చూసేవాడు, కుళాయి వాషరు మార్చేవాడు, తాళం లోపల ఏముందో తెలుసుకోవాలనుకునేవాడు ప్రతి బ్యాచిలోనూ ఒకరిద్దరు ఉంటారు. వాళ్లకు మార్కులు తక్కువ రావచ్చు. నాకూ తక్కువే వచ్చాయి. వాళ్లను పిలిచి, అందరి ముందూ చేయమని చెప్పండి. చాటుగా చేసే పనికే అనుమానం అంటుకుంటుంది.

నా అద్దం తాళాన్ని, సైకిల్ ట్యూబు చుట్టిన ఆ పుల్లను వార్షికోత్సవం రోజు తీసుకొస్తాను. సైన్సు టేబులు మీద పెట్టి, పిన్నులు ఎలా లేస్తాయో అడిగిన ప్రతి తమ్ముడికీ చూపిస్తాను. వార్డెన్ సారు పక్కనే ఉండాలని ముందే కోరుతున్నాను. మా నాయనను కూడా వెంటబెట్టుకుని వస్తాను. ఆయన ఇంతవరకు ఏ హాస్టల్ ఆఫీసు లోపలా కూర్చోలేదు. ఆ రోజు ఆయనకు ఒక కుర్చీ వేయండి.

— ఒక పూర్వ విద్యార్థి